రేడియో టైమ్స్, రెండు రంగుల పెన్నులు, నాలుగు ఖాళీ క్యాసెట్లు

బ్రిటన్‌లో క్రిస్మస్ టీవీ డిసెంబరు 25న మొదలయ్యేది కాదు. పండక్కి ముందే ఒకరోజు పేపరు కొట్టుకెళ్ళి రెండు లావుపాటి పత్రికలు చంకన పెట్టుకొచ్చేవారు. అసలు మొదలు ఆ రోజే. ఒకటి రేడియో టైమ్స్, రెండోది టీవీ టైమ్స్. రెండెందుకంటే, బీబీసీ కార్యక్రమాల పట్టిక వారం మొత్తానికీ అచ్చేసే హక్కు రేడియో టైమ్స్‌ది, ప్రకటనలతో నడిచే ప్రైవేటు ఛానెల్ ఐటీవీ పట్టిక హక్కు టీవీ టైమ్స్‌ది. 1982లో ఛానెల్ 4 వచ్చాక దాని పట్టిక కూడా టీవీ టైమ్స్‌లోనే. ఒకరి పట్టిక ఒకరు వేసుకోకూడదు. 1991 మార్చి 1 దాకా ఇదే తంతు. ఏడాదంతా ఒక్కటి కూడా కొనని ఇళ్ళు సైతం క్రిస్మస్‌కి మాత్రం రెండూ కొనేవి.

రేడియో టైమ్స్ 1923 నుంచీ ఉన్నా, క్రిస్మస్, కొత్త సంవత్సరం రెండు వారాలకీ కలిపి ఒకే సంచిక వేయడం 1969లో మొదలైంది. 1988 నాటి ఆ జంట సంచిక 1,12,20,666 కాపీలు అమ్ముడుపోయింది. అప్పటి బ్రిటన్ జనాభా ఆరు కోట్ల లోపు. అంటే దాదాపు ఐదుగురికొక కాపీ.

సంచిక ఇంటికొచ్చాక పెన్నుల పని. చూసి తీరాల్సినవాటికి ఎర్ర సున్నా, రికార్డు చేసుకోవలసినవాటికి నీలం సున్నా. రెండు ఎర్ర సున్నాలు ఒకే గంటలో పడితే పంచాయితీ. నాలుగే ఛానెళ్ళు కాబట్టి పంచాయితీ ఎలాగోలా తెగేది. ఇప్పటివాళ్ళకి వింతగా ఉంటుంది గానీ, ఆ పట్టికను ముందుగా చదువుకోవడంలోనే సగం పండగ ఉండేది. ఏది ఎన్నింటికో రెండు వారాల ముందే తెలుసు. తెలిసి ఎదురుచూడటం వేరు.

క్రిస్మస్ రోజు పట్టికకి ఒక వంకర తిరగని వెన్నెముక ఉండేది. అది మధ్యాహ్నం 3 గంటల రాణి ప్రసంగం. ఆ వేళ ఎక్కడి నుంచి వచ్చిందో చాలామందికి తెలియదు. 1932లో ఐదో జార్జి సాండ్రింగ్‌హామ్ నుంచి రేడియోలో తొలి క్రిస్మస్ సందేశం చదివాడు. ఆ మాటలు రాసిచ్చింది రడ్యార్డ్ కిప్లింగ్. షార్ట్‌వేవ్ మీద సామ్రాజ్యంలో వీలైనన్ని దేశాలకి అనుకూలమైన గంట ఏదా అని చూసి 3 ఖాయం చేశారు. మన గడియారంలో అది ఇప్పటి లెక్కన రాత్రి 8:30. ఎలిజబెత్ రాణి టీవీలో మొదటిసారి కనిపించింది 1957లో, సాండ్రింగ్‌హామ్ లైబ్రరీ గదిలోంచి ప్రత్యక్ష ప్రసారం. 1969లో మాత్రం ప్రసంగమే లేదు. ఆ వేసవిలో రాజకుటుంబం మీద ఒక పెద్ద డాక్యుమెంటరీ వచ్చింది, టీవీలో కనిపించింది చాలనుకున్నారు కాబోలు, రాతపూర్వక సందేశంతో సరిపెట్టారు. ఆ 3 గంటలకి అటూ ఇటూ మిగతావన్నీ సర్దుకునేవి. ముందు ఆ ఏడాది హిట్ పాటల కార్యక్రమం, ప్రసంగం అవగానే పెద్ద సినిమా, చీకటి పడ్డాక హాస్యం, సీరియళ్ళు.

సినిమా సంగతికొద్దాం. మన ఛానెళ్ళు సంక్రాంతికి 'వరల్డ్ టెలివిజన్ ప్రీమియర్' అని ఊదరగొడతాయి చూడండి, ఆ సినిమా థియేటర్లో ఆడి నెలలే అయ్యుంటుంది. అక్కడ అప్పట్లో ఏళ్ళు పట్టేది. 'ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్' 1965 సినిమా, బీబీసీ1లో మొదటిసారి వేసింది 1978 క్రిస్మస్ రోజున. 'ద విజర్డ్ ఆఫ్ ఓజ్' మరీ ఘోరం: 1939 సినిమా, 1975 క్రిస్మస్‌కి గానీ బ్రిటిష్ టీవీకి ఎక్కలేదు. 1982లో వచ్చిన 'ఈటీ' 1990 క్రిస్మస్ దాకా ఆగింది. 1989 క్రిస్మస్ రోజు 'క్రొకడైల్ డండీ'ని చూసినవారు 2.17 కోట్లు. మూడేళ్ళ నాటి పాత సినిమాకి ఆ జనం!

అయితే ఆ సినిమాలు టీవీలో ఉన్నదున్నట్టు వచ్చేవని అనుకోకండి. టీవీ తెర అప్పుడు 4:3. 'సౌండ్ ఆఫ్ మ్యూజిక్' తీసింది 2.2:1 వెడల్పులో. టీవీ తెర నిండేలా వేస్తే దాదాపు 40 శాతం బొమ్మ పక్కల నుంచి ఎగిరిపోయేది. వరసగా నిలబడ్డ ఏడుగురు పిల్లల్లో చివరివాళ్ళు గోడ అవతల ఉన్నట్టే. తమాషా ఏమిటంటే, 1939 నాటి 'విజర్డ్ ఆఫ్ ఓజ్', 'గాన్ విత్ ద విండ్' లాంటివి టీవీ ఆకారానికి దగ్గరగా తీసినవి కావడంతో వాటికి ఈ కోత లేదు. పాతవే పూర్తిగా కనిపించేవి.

రెండో సంగతి వేగం. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, బ్రిటన్ టీవీ 25. దాంతో సినిమాని 25 మీదే పరిగెత్తించేవారు. నాలుగు శాతం తొందర. 174 నిమిషాల 'సౌండ్ ఆఫ్ మ్యూజిక్' 167 నిమిషాల్లో అయిపోయేది. పాటల శ్రుతి అర స్వరానికి కాస్త లోపుగా పెరిగేది. రికార్డు విని అలవాటైన చెవికి పాట కాస్త కీచుగా, హడావిడిగా తోచడానికి కారణం ఇదే, టీవీ పాడవడం కాదు. క్యాసెట్ లెక్కలు వేసేవాళ్ళకి మాత్రం ఈ తొందర వరం.

ఆ క్యాసెట్ లెక్కలు కొంచెం విడమరిచి చెప్పాలి. 1980లు, 90లలో క్రిస్మస్ టీవీ అంటే సగం వీసీఆర్ (టీవీని క్యాసెట్ మీద రికార్డు చేసే యంత్రం) పనే.

ఈ-180 క్యాసెట్ అంటే మామూలు వేగంలో 180 నిమిషాలు. ఈ-240 నాలుగు గంటలు. 167 నిమిషాల సినిమా బీబీసీలో ప్రకటనలు లేకుండా వస్తే ఈ-180లో హాయిగా పడుతుంది, 13 నిమిషాలు మిగులుతాయి. అదే నిడివి సినిమా ఐటీవీలో వస్తే ప్రకటనల విరామాలతో కలిపి మూడు గంటలు దాటేస్తుంది. క్లైమాక్స్‌లో టేపు ఆగి, యంత్రం దానంతటదే వెనక్కి చుట్టుకోవడం మొదలుపెట్టే చప్పుడు అప్పటివాళ్ళ చెవుల్లో ఇంకా ఉంటుంది. దీనికి రెండు విరుగుడులు. ఒకటి ఈ-240 కొనడం. అంతే పెట్టెలో ఎక్కువ టేపు పట్టాలంటే టేపు పల్చగా ఉండాలి, పాత యంత్రాలు పల్చటి టేపును నమిలేసేవి. రెండోది లాంగ్ ప్లే. మామూలుగా టేపు సెకనుకి 2.34 సెంటీమీటర్లు కదిలితే, లాంగ్ ప్లేలో 1.17 కదులుతుంది. నిడివి రెట్టింపు. కానీ టేపు మీద గీతలు సన్నబడతాయి, అందుకే మన యంత్రంలో తీసిన క్యాసెట్ పక్కింటి యంత్రంలో పెడితే తెర మీద తెల్ల చారలు. శబ్దం టేపు అంచున తిన్నగా నడుస్తుంది కాబట్టి వేగం సగమైతే గొంతులు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంటాయి. హాస్యానికి లాంగ్ ప్లే పరవాలేదు, సంగీతానికి పనికిరాదు. కారల్స్ రికార్డు చేయాలంటే మామూలు వేగమే.

కొత్త క్యాసెట్‌ని ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్ళీ వెనక్కి చుట్టి అప్పుడు వాడటం మంచి అలవాటు, బిగుతు సమంగా సర్దుకుంటుంది. కౌంటరు అంకెను నమ్ముకోకూడదు. పాత కౌంటర్లు నిమిషాలు లెక్కపెట్టవు, రీలు చుట్లు లెక్కపెడతాయి. చుట్ట లావెక్కేకొద్దీ ఒక్కో చుట్టుకి పట్టే టేపు మారిపోతుంది. అందుకే మొదటి గంటకి తిరిగిన అంకెలు రెండో గంటకి తిరగవు.

టైమరు దగ్గర జరిగే తప్పులు ఇంటింటా అవే. సాయంత్రం 7:15 అని చెప్పాల్సింది 07:15 అని కొట్టడం. కరెంటు ఒక్క క్షణం పోయి గడియారం సున్నాలు మిణుకుతూ ఉంటే చూసుకోకపోవడం. అన్నీ సరిగ్గా పెట్టి చివర టైమర్ బటన్ నొక్కడం మరిచిపోవడం. చాలా యంత్రాలు ఆ బటన్ నొక్కి స్టాండ్‌బైలో ఉంచితే తప్ప లేచేవి కావు. వీటన్నిటికంటే నేర్పుగా దెబ్బకొట్టేది అర్ధరాత్రి. పట్టికలో క్రిస్మస్ రాత్రి 12:20కి సినిమా అని 25వ తేదీ పేజీలోనే అచ్చయి ఉంటుంది. యంత్రానికి మాత్రం అది 26. తేదీ 25 అని కొట్టినవాళ్ళకి మర్నాడు దొరికేది ఖాళీ టేపు.

1990ల మొదట్లో వీడియోప్లస్ వచ్చి ఈ బాధ చాలావరకు తీర్చింది. పట్టికలో కార్యక్రమం పక్కనే అచ్చైన అంకె కొడితే చాలు, తేదీ, వేళ, ఛానెల్ అన్నీ అదే పెట్టుకుంటుంది. మొదటిసారి ఛానెళ్ళ నంబర్లు జత చేయకపోతే మాత్రం ఐటీవీ బదులు ఛానెల్ 4 ఎక్కేది. ముందు కార్యక్రమం ఆలస్యమైతే అది కూడా ఏం చేయలేదు. తర్వాత టెలిటెక్స్ట్‌తో (టీవీ ప్రసారంతో కలిపి పంపే అక్షరాల పేజీలు) పాటు సంకేతం పంపి, కార్యక్రమం నిజంగా మొదలైనప్పుడే యంత్రాన్ని లేపే పద్ధతి వచ్చింది. అది లేని యంత్రమైతే చివర పది నిమిషాలు అదనంగా వేసుకోవడం ఒక్కటే దారి.

వీసీఆర్‌కి సొంత ట్యూనర్ ఉంటుంది, కాబట్టి బీబీసీ రికార్డవుతుంటే ఐటీవీ చూడొచ్చు. రెండు ఎర్ర సున్నాల పంచాయితీ తీర్పు ఇదే. యంత్రం తన బొమ్మను టీవీకి పంపేది యూహెచ్‌ఎఫ్ 36వ ఛానెల్ చుట్టుపక్కల. 1997 మార్చి 30న ఛానెల్ 5 మొదలైనప్పుడు దాని ప్రసారం చాలాచోట్ల సరిగ్గా ఆ పక్కనే వచ్చి కూర్చుంది. దాంతో ఆ సంస్థే మనుషుల్ని పెట్టి, ఇంటింటికీ పంపి, లక్షల వీసీఆర్‌లను మళ్ళీ ట్యూన్ చేయించింది. కొత్త ఛానెల్ రావడానికి ముందు తలుపు తట్టి, స్క్రూడ్రైవర్ పట్టుకుని రావడం అంటే ఇదీ.

ఇక్కడ మనకి సంబంధించిన ముక్క ఒకటుంది. బ్రిటన్‌లో రికార్డు చేసిన క్యాసెట్ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వీసీఆర్‌లో పెడితే శుభ్రంగా ఆడేది. రెండు దేశాలదీ పాల్ అనే రంగుల టీవీ పద్ధతే. అమెరికా నుంచి వచ్చిన క్యాసెట్ ఆడదు, అది ఎన్‌టీఎస్‌సీ. కానీ క్యాసెట్‌కి బదులు వీసీఆర్‌నే లగేజీలో తెచ్చి, యాంటెనా తీగతో ఇక్కడి టీవీకి కలిపితే బొమ్మ వస్తుంది, మాట రాదు. అక్కడ బొమ్మకీ శబ్దానికీ మధ్య దూరం 6 మెగాహెర్ట్జ్, మనకి 5.5. యంత్రం చెడిపోయిందని మెకానిక్ దగ్గరికి మోసుకెళ్ళక్కర్లేదు. ఆడియో వీడియో తీగలు వేరుగా కలిపితే సరి.

ఇంత తంటాలు పడి దాచుకోవడానికి అసలు అంత సరుకు ఉండేదా? కొన్నిటికి ఉండేది. చాలావాటికి లేదు. తప్పులు దొర్లిన షాట్లన్నీ కుట్టి చవగ్గా చుట్టిన గంట కార్యక్రమాలు, పాత వాటి పునఃప్రసారాలు అప్పుడూ బోలెడు. జ్ఞాపకం మంచివాటినే ఏరుకుంటుంది.

ఏరుకోదగ్గవాటిలో ముందుండేది మోర్కంబ్, వైజ్ హాస్య జంట. ఎడ్డీ బ్రేబెన్ రాత, బీబీసీ డబ్బు, కాలం. 1971 క్రిస్మస్ కార్యక్రమంలో ఆండ్రే ప్రెవిన్ లాంటి సంగీత దర్శకుణ్ణి నిలబెట్టి గ్రీగ్ పియానో కచేరీని ఛిద్రం చేశారు. ప్రెవిన్‌కి రిహార్సల్‌కి వ్యవధి లేదు, విమానాశ్రయం నుంచి వస్తూ టాక్సీలో టార్చిలైటు వెలుగులో మాటలు బట్టీ పట్టాడు. చూస్తే ఆ సంగతి తెలియనే తెలియదు. హాస్యగాళ్ళిద్దరికంటే అతని ముఖమే గంభీరంగా ఉంటుంది, నవ్వంతా అక్కడి నుంచే పుడుతుంది.

1977 కార్యక్రమంలో ఒక అంశాన్ని దగ్గరగా చూడాలి. ఫ్రాంక్ బౌ, రిచర్డ్ బేకర్, బ్యారీ నార్మన్, మైకేల్ ఆస్పెల్ వంటి వార్తలు, క్రీడలు, సినిమా కబుర్లు చెప్పే పెద్దమనుషులు నావికుల దుస్తుల్లో పాడుతూ వస్తారు. ఉన్నట్టుండి ఒకరు గాల్లో పల్టీ కొడతారు. ఇంకొకరు మరొకరి భుజాల మీదుగా దూకుతారు. నిజానికి దూకింది కసరత్తు తెలిసినవాళ్ళు, దూరపు షాట్‌లో. దూకబోయే ముందు కదలిక దగ్గర కోత, గాల్లో ఒక దేహం, నేల మీద పడగానే మళ్ళీ కోత, జుట్టు సర్దుకుంటూ వార్తలు చదివే ముఖం. కోత సరిగ్గా కదలిక మీద పడితేనే కన్ను మోసపోతుంది. అర సెకను అటూ ఇటూ అయితే బండారం బయటపడుతుంది. నిర్మాత ఎర్నెస్ట్ మాక్సిన్ స్వతహాగా నృత్య దర్శకుడు, అందుకే తాళం తప్పలేదు.

ఆ కార్యక్రమాన్ని 2.8 కోట్ల మంది చూశారని అంతటా రాస్తారు. ఆ అంకె బీబీసీది. రోజూ జనాన్ని కలిసి నిన్న ఏం చూశారని అడిగి కట్టిన లెక్క. ఐటీవీ వాడే జిక్టార్ లెక్క టీవీలకి తగిలించిన మీటర్ల నుంచి వచ్చేది, దాని ప్రకారం 2.13 కోట్లు. అంతకంటే చిత్రం, అదే సాయంత్రం వచ్చిన మైక్ యార్‌వుడ్ కార్యక్రమానికి మీటర్ల లెక్కలో 2.14 కోట్లు. అడిగితే అందరూ మోర్కంబ్, వైజ్‌లనే చూశామన్నారన్నమాట! ఈ తగువు తీరి ఇద్దరికీ కలిపి బార్బ్ అనే ఒకే లెక్క వచ్చింది 1981లో.

అంకెల్ని ఇలా గీకి చూడటం అవసరం. 1986 క్రిస్మస్ రోజు ఈస్ట్ఎండర్స్ సీరియల్‌లో డెన్ తన భార్య ఏంజీకి విడాకుల కాగితాలు చేతిలో పెట్టిన భాగానికి 3 కోట్ల పైన చూశారంటారు. అందులో ఆదివారం ఓమ్నిబస్ (వారం భాగాలన్నీ కలిపి వేసే) పునఃప్రసారం చూసినవాళ్ళూ కలిశారు. 1996 డిసెంబరు 29న ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్ అనే హాస్య సీరియల్ మూడు భాగాల ముగింపుకి వచ్చిన 2.43 కోట్లు మాత్రం ఒక్క రాత్రి, ఒక్క ప్రసారం. పండగపూట విడాకులు చూపించి జనాన్ని కట్టిపడేయడం తేలిక. ఏళ్ళతరబడి దరిద్రంలో ఉన్న ఇద్దరు అన్నదమ్ముల్ని కోటీశ్వరుల్ని చేసి, చూసేవాడికి ఈర్ష్య కలగకుండా కళ్ళనీళ్ళు తెప్పించడం కష్టం.

పెద్ద జనం లేని మూలల్లోనే నాణ్యత ఎక్కువుండేదని ఇది రాసేవారి అభిప్రాయం. 1971 నుంచి 1978 దాకా బీబీసీ క్రిస్మస్‌కి ఏడాదికొక దెయ్యం కథ వేసేది. ఎక్కువ భాగం లారెన్స్ గోర్డన్ క్లార్క్ దర్శకత్వం, ఎక్కువ కథలు ఎం.ఆర్. జేమ్స్‌వి. ఆయన కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీలో క్రిస్మస్‌కి మిత్రులకు కొవ్వొత్తి వెలుగులో చదివి వినిపించిన కథలవి. స్టూడియోలో కాకుండా బయట, 16 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు. ఆ ఫిల్మ్ గరుకుదనం, చలికాలపు చప్పటి వెలుతురు, మాటలు తక్కువ, దెయ్యం కనిపించేది రెండు మూడు సెకన్లు. ఇల్లంతా పడుకున్నాక రాత్రి పొద్దుపోయి వచ్చేది. 1976లో డికెన్స్ రైల్వే సిగ్నల్‌మన్ కథ తీశారు, సెవర్న్ వ్యాలీ రైలు మార్గం మీద. సొరంగం నోటి దగ్గర ఎర్ర దీపం, ఒక్క మనిషి. అంతే.

మరో మూల రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే విజ్ఞాన సంస్థ క్రిస్మస్ ఉపన్యాసాలు. ఇవి 1825 నుంచి ఉన్నవి, ఫారడే స్వయంగా చెప్పినవి. బీబీసీ2లో ఏటా రావడం 1966లో మొదలైంది. 1977లో ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ గ్రహాల గురించి చెప్పాడు. పిల్లల ముందు బల్ల మీద ప్రయోగం చేసి చూపించడమే అందులో పద్ధతి.

'ద స్నోమాన్' అనే యానిమేషన్ చిత్రం ఛానెల్ 4 పుట్టిన దాదాపు ఎనిమిది వారాలకి, 1982 డిసెంబరు 26న వచ్చింది. 26 నిమిషాలు, పాట తప్ప మాటల్లేవు. రేమండ్ బ్రిగ్స్ పుస్తకంలోని రంగు పెన్సిల్ తీరు పోకుండా ఉండాలని పారదర్శక షీట్ల మీద కూడా పెన్సిల్, క్రేయాన్ గీతలతోనే రంగు నింపారు. ఏ రెండు షీట్ల గీతలూ అచ్చంగా ఒకలా ఉండవు కదా, అందువల్ల బొమ్మ నిలబడి ఉన్నా రంగు సన్నగా వణుకుతుంది. మంచు కదులుతున్నట్టుండేది ఆ వణుకే. నున్నటి రంగు పోసి ఉంటే ఆ చలి వచ్చేది కాదు. మరొక మాట: బ్రిగ్స్ పుస్తకంలో క్రిస్మస్ లేదు, క్రిస్మస్ తాత లేడు. అవి సినిమా కోసం కలిపినవి. గాలిలో ఎగిరే పాట పాడిన కుర్రాడు పీటర్ ఆటీ. ఆలెడ్ జోన్స్ పాడి హిట్ చేసింది 1985లో, చాలామంది ఇద్దర్నీ కలిపేస్తారు.

రెండు కార్యక్రమాల మధ్య తిరిగే బీబీసీ1 భూగోళం కూడా పండక్కి వేషం మార్చేది. 1985 ఫిబ్రవరిలో కంప్యూటర్ గోళం వచ్చేదాకా అది నిజంగా ఒక చిన్న గోళం, వెనక వంపు అద్దం, మోటారు, ఎదురుగా నలుపు తెలుపు కెమెరా. రంగు ఎలక్ట్రానిక్స్‌లో పూసేవారు. క్రిస్మస్‌కి దాని స్థానంలో మంచుబొమ్మో మరోటో చిన్న మోడల్ కట్టి తిప్పేవారు. అది కొద్ది సెకన్లే కనబడేది.

2024 క్రిస్మస్ రాత్రి గావిన్ అండ్ స్టేసీ అనే హాస్య సీరియల్ ముగింపుకి ఆ రాత్రి లెక్కల్లోనే 1.23 కోట్లు వచ్చాయి. అందరూ ఒకే గంటకి ఒకే తెర ముందు కూర్చోవడం ఇంకా పూర్తిగా పోలేదన్నమాట. పోయింది మధ్యలోని సరంజామా. ఐటీవీ రికార్డు చేసేటప్పుడు ప్రకటన రాగానే రిమోట్ మీద పాజ్ నొక్కి, కార్యక్రమం మొదలవగానే వదిలేవారు. ఎక్కువసేపు పాజ్‌లో ఉంచితే టేపు అరగకుండా యంత్రమే పూర్తిగా ఆగిపోయేది, అది గమనించక మిగతా సినిమా పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఇప్పుడు ఆ సినిమాలన్నీ ఎక్కడంటే అక్కడ దొరుకుతున్నాయి. దొరకనివి ఆ ప్రకటనలు, ఆ భూగోళం, తర్వాత ఏం రాబోతోందో చెప్పే ఆ గొంతులు. పాత ప్రసారాలు సేకరించేవాళ్ళు అటకల మీది క్యాసెట్లలో వెతికేది వాటికోసమే.

అలాంటి క్యాసెట్ ఎవరి ఇంట్లోనైనా ఉంటే వెంటనే యంత్రంలో తోయొద్దు. మూత ఎత్తి రీలు అంచు చూడండి, తెల్లటి పొడిలాంటిది కనిపిస్తే బూజు. అది ఆ క్యాసెట్‌తో పోదు, యంత్రంలో టేపును చదివే తలకి అంటుకుని తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. బూజు లేకపోతే ఒకరోజు గది వేడికి అలవాటు పడనిచ్చి, ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టి, అప్పుడు ఆడించండి. లాంగ్ ప్లేలో తీసినదైతే, దొరికితే తీసిన యంత్రంలోనే ఆడించాలి, దొరక్కపోతే ట్రాకింగ్ చేత్తో సర్దుకోవాలి. వెనక అంచున ప్లాస్టిక్ ముక్క విరిచి ఉందో లేదో ముందే చూసుకోండి. విరిచి లేకపోయినా, విరిచిన చోట ఎవరో సెల్లోటేప్ అంటించి ఉన్నా, రికార్డ్ బటన్ మీద చెయ్యి పడితే ఉన్నది కాస్తా పోతుంది.